బెంచీ మధ్యలో ఆ కడ్డీ ఎందుకు? ఊరు కాని ఊళ్ళో కూర్చునే చోటు వెనక కథ

సోషల్ మీడియాలో తరచూ ఒక రకం ఫోటో తిరుగుతూ ఉంటుంది. ఏదో నగరంలో ఒక బెంచీ, దాని మధ్యలో అడ్డంగా ఇనుప కడ్డీ. కింద కామెంట్లలో రెండు వర్గాలు. "పేదవాడు నడుం వాల్చకుండా చేసిన దుర్మార్గం ఇది" అంటారు ఒకరు. "మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ లేవాలంటే పట్టుకోవడానికి అదే ఆధారం" అంటారు ఇంకొకరు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు కాబట్టి ఆ గొడవ ఎప్పటికీ తెగదు.

ప్రయాణంలో ఉన్నవాళ్ళకి ఇదే బెంచీ ఇంకోలా కనిపిస్తుంది. తెలియని ఊళ్ళో తిరిగి తిరిగి కాళ్ళు పీకుతున్నప్పుడు చెట్టు కింద ఖాళీ బెంచీ దొరికితే కలిగే హాయి అంతా ఇంతా కాదు. చూసొచ్చిన కోటలూ గుళ్ళూ మ్యూజియంలూ కొన్నాళ్ళకి కలగలిసిపోతాయి. ఫలానా చోట కూర్చుని పల్లీలు తిన్న సాయంత్రం మాత్రం చెక్కు చెదరదు. అయితే ఆ హాయి దానంతటది రాదు. బెంచీ ఎటు తిరిగి ఉండాలి, ఎంత దూరానికి ఒకటి వెయ్యాలి, దాని మీద పడుకోనివ్వాలా వద్దా, డబ్బు ఎవరు పెట్టాలి అని ఎవరో ఎప్పుడో తీసుకున్న నిర్ణయాల మీదే మనం కూర్చుంటున్నాం. ఆ కడ్డీ కూడా అలాంటి నిర్ణయమే.

ఏది పబ్లిక్ బెంచీ, ఏది కాదు

కూర్చోవడానికి వీలున్న ప్రతిదీ ఈ లెక్కలోకి రాదు. హోటల్లో కుర్చీ కావాలంటే కనీసం టీ అయినా చెప్పాలి. రైల్వే వెయిటింగ్ హాల్లో టికెట్ ఉండాలి. మాల్‌లో సోఫాకి టికెట్ అక్కర్లేదు గానీ సెక్యూరిటీ గార్డు ఓ కన్నేసి ఉంచుతాడు. అందరిదీ అయిన స్థలంలో ఉండి, డబ్బు అడగకుండా, ఎందుకొచ్చావు, ఎంతసేపుంటావు అని అడగకుండా కూర్చోనిచ్చేది పబ్లిక్ బెంచీ.

ఆ ఊరివాళ్ళకి ఇది చిన్న సౌకర్యం. బయటి నుంచి వచ్చినవాళ్ళకి ఎంత పెద్దదో లెక్క వేస్తే తెలుస్తుంది. మధ్యాహ్నం పన్నెండింటికి గది ఖాళీ చెయ్యాలి, రైలేమో రాత్రి 8:40కి అనుకుందాం. చేతిలో ఎనిమిది గంటల నలభై నిమిషాలు. భోజనానికి ఒక గంట, చూడాల్సినవాటికి మూడు గంటలు, స్టేషన్‌కి ముందుగా చేరడానికి ఇంకో గంట తీసేస్తే మూడు గంటల నలభై నిమిషాలు మిగులుతాయి. సామానైతే క్లోక్‌రూంలో పెట్టొచ్చు, మనుషుల్ని పెట్టడానికి క్లోక్‌రూం లేదు. నలుగురున్న కుటుంబం ఆ సమయం గడపాలంటే సినిమాకైనా వెళ్ళాలి, ఆకలి లేకపోయినా ఏదో ఒకటి తింటూ ఉండాలి, లేదా మరో పూటకి గది తీసుకోవాలి. ఊళ్ళో ఓ మంచి బెంచీ ఉంటే ఆ ఖర్చు ఉండదు.

దూరానికీ ఇలాంటి లెక్క ఉంది. జనం ఎక్కువగా నడిచే దారుల్లో 50 మీటర్లకు మించకుండా ఒక కూర్చునే చోటు ఉండాలని బ్రిటన్ రవాణా శాఖ మార్గదర్శకాలు చెబుతాయి. బస్ స్టాప్ నుంచి బీచ్ 600 మీటర్లు అనుకోండి. ఆ ప్రకారం మధ్యలో పదకొండు చోట్ల కూర్చోవచ్చు. ఒక్క బిగిన వంద మీటర్లే నడవగల పెద్దావిడ కూడా అలా ఆగుతూ ఆగుతూ సముద్రం దాకా వెళ్తుంది. మధ్యలో ఒక్కటీ లేకపోతే "మీరెళ్ళి రండమ్మా, నేను గదిలో ఉంటా" అంటుంది. మన కుటుంబ యాత్రల్లో ఈ మాట వినని ఇల్లుండదు. దాన్ని మనం వయసు ఖాతాలో వేస్తాం. సగం తప్పు దారిది.

ఎటు తిరిగి కూర్చోబెడుతోంది

హంఫ్రీ ఆస్మండ్ అనే మానసిక వైద్యుడు 1950లలో కెనడాలో పనిచేస్తూ ఒక సంగతి గమనించాడు. కొన్ని చోట్ల అమరిక మనుషుల్ని ఒకరి వైపు ఒకరిని తిప్పుతుంది, కొన్ని చోట్ల విడదీస్తుంది. గోడ వెంట వరుసగా వేసిన కుర్చీల్లో పక్కవాడితో మాట్లాడాలంటే మెడ తిప్పాలి. గుండ్రంగా వేస్తే మాట్లాడకుండా ఉండటమే కష్టం. ఆస్పత్రి వార్డుల కోసం చేసిన ఈ పరిశీలన తర్వాత పార్కులకూ ప్లాట్‌ఫారాలకూ పాకింది.

రెండింట్లో ఏది మంచిదంటే, వచ్చినవాళ్ళెవరన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒంటరిగా ప్రయాణించే మనిషికి ఎదురుగా ఎవరి కళ్ళూ లేని బెంచీ కావాలి. జెనీవా పాత నగరంలో త్రెయ్ అనే విహార స్థలంలో 1767లో వేసిన చెక్క బెంచీ అలాంటిది. పొడవు 120 మీటర్లు. వందమంది కూర్చున్నా ఎవరి లోకం వాళ్ళదే. ఆ పక్కనే ప్రభుత్వం గుర్తించిన ఒక చెస్ట్‌నట్ చెట్టు ఉంది. ఏటా దానికి మొదటి చిగురు ఎప్పుడు వచ్చిందో అధికారికంగా నమోదు చేసి, వసంతం వచ్చినట్టు ప్రకటిస్తారు. 1818 నుంచి ఈ లెక్క నడుస్తోంది. ప్రభుత్వ ఉద్యోగి ఒకరు చెట్టు వైపు చూస్తూ నిలబడటం కూడా డ్యూటీ కిందికి వచ్చే ఊళ్ళో అంత పొడుగు బెంచీ ఉండటం వింతేమీ కాదు.

బార్సిలోనాలో పార్క్ గ్వెల్‌కి వెళ్ళినవాళ్ళు రంగురంగుల పెంకులు అతికించిన పాములాంటి బెంచీ ముందు ఫోటో దిగకుండా రారు. ఆ పార్కు గీసిన ఆర్కిటెక్టు గౌడీ పర్యవేక్షణలో, జుజోల్ అనే సహచరుడి చేతి పనితో తయారైన ఆ బెంచీ వంద మీటర్లకు పైగా మెలికలు తిరుగుతుంది. వీపుకి అంత చక్కగా ఆనడానికి కారణం, తడి సున్నం మీద ఒక కూలీని బట్టల్లేకుండా కూర్చోబెట్టి అచ్చు తీయడమేనని గైడ్లు చెబుతారు. అది కథే కావచ్చు. అసలు తెలివి మెలికల్లో ఉంది. బెంచీ లోపలికి వంగిన చోట కుటుంబం మొత్తం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చోవచ్చు. బయటికి ఉబ్బిన చోట ఇద్దరు అపరిచితులు ఒకరికొకరు కనబడకుండా పక్కపక్కనే కూర్చోవచ్చు. ఆస్మండ్ చెప్పిన రెండు రకాలూ ఆయన చెప్పడానికి నలభై ఏళ్ళ ముందే ఒకే బెంచీలో ఉన్నాయి.

పారిస్‌వాళ్ళ పరిష్కారం ఇంకా సులువు. మూడో నెపోలియన్ కాలంలో ఆ నగరాన్ని పడగొట్టి కట్టినప్పుడు గాబ్రియెల్ దావియూ అనే ఆర్కిటెక్టు ఒకే వెన్ను పలకకి రెండు వైపులా సీట్లున్న ఆకుపచ్చ బెంచీ గీశాడు. ఒక వైపు కూర్చుంటే రోడ్డు, రెండో వైపు కూర్చుంటే దుకాణాలూ నడిచే జనం. ఎండ ఎటొస్తే దానికి అవతలి వైపుకి మారొచ్చు. ఈ బెంచీలు తీసేసి వాటి స్థానంలో దుంగల్లాంటివి వేస్తున్నారని 2021లో పారిస్ జనం ఆన్‌లైన్‌లో పెద్ద గొడవే చేశారు. చివరికి పాత నమూనాని కాపాడతామని నగరపాలక సంస్థ చెప్పాల్సి వచ్చింది.

అరుగు కట్టినవాడికి ఏమొచ్చింది

పబ్లిక్ బెంచీ ఎప్పుడూ ప్రభుత్వమే వెయ్యాలని లేదు. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో మెడిచి అనే సంపన్న కుటుంబం 1444లో మొదలుపెట్టిన భవనాన్ని చూస్తే, వీధి వైపు గోడ అడుగున పొడుగునా రాతి అరుగు కనిపిస్తుంది. రూచెల్లాయి, స్ట్రోజ్జి కుటుంబాల భవనాలకూ ఉంది. పని మీద వచ్చినవాళ్ళు అక్కడ కూర్చుని పిలుపు కోసం ఎదురుచూసేవారు. దారిన పోయేవాళ్ళూ కూర్చునేవారు, ఊసులాడేవారు. తన గుమ్మం ముందు ఎంతమంది కూర్చుంటే ఇంటి యజమానికి అంత పలుకుబడి.

మన పాత ఇళ్ళ అరుగుల సంగతి తెలిసినవాళ్ళకి ఇందులో కొత్తేమీ లేదు. ఇంటి స్థలమే, కానీ వీధి వాడకం. బాటసారి అడక్కుండా కూర్చోవచ్చు, రాత్రయితే అడిగి పడుకోవచ్చు. ఇంత చెప్పాక ఇంకోటి కూడా చెప్పుకోవాలి: ఎవరి అరుగు మీద ఎవరు కూర్చోవచ్చో కులం తేల్చేది. అరుగులు పోయి అపార్ట్‌మెంట్ గేట్లు వచ్చాయని బాధపడేవాళ్ళు ఈ ముక్క దాటేస్తుంటారు. మున్సిపాలిటీ వేసిన సిమెంటు బెంచీకి అందం లేకపోవచ్చు, అది ఎవరి పేరూ ఇంటిపేరూ అడగదు.

ఇక ఆ కడ్డీ

లండన్‌లోని క్యామ్‌డెన్ అనే పాలక ప్రాంతం 2012లో ప్రత్యేకంగా చేయించిన కాంక్రీటు బెంచీ ఈ చర్చకి ముఖచిత్రం. ఎక్కడా సమతలం ఉండదు, అన్నీ ఏటవాలు ముఖాలే. పడుకోలేరు. స్కేట్‌బోర్డు ఎక్కించలేరు. పోస్టరు అతికించినా రంగు పూసినా తేలిగ్గా వదిలిపోయే పూత ఉంది. మత్తుమందు పొట్లం దాచడానికి సందు లేదు. వెనక నుంచి సంచి కొట్టేయకుండా కాళ్ళ దగ్గర గూడు ఉంది. కొందరు డిజైనర్లు దీన్ని మెచ్చుకున్నారు. ఏమేం చేయకూడదో అన్నీ రాసుకుని, చివర్లో మిగిలిన దానికి బెంచీ అని పేరు పెట్టారని ఇంకొందరు వెక్కిరించారు. ఇలా కొన్ని పనులు, కొందరు మనుషులు రాకుండా వస్తువు ఆకారంతోనే అడ్డుకోవడాన్ని శత్రు నిర్మాణం అంటున్నారు. చేసేవాళ్ళు మాత్రం రక్షణ నిర్మాణం అంటారు.

నగర అధికారుల వాదనలో బలం లేకపోలేదు. ఒకే మనిషి రోజంతా పడుకుంటే ముగ్గురు కూర్చునే చోటు పోతుంది. రాత్రి తాగి పడిపోయినవాళ్ళ భయంతో ఆడవాళ్ళు ఆ దారి మానేస్తారు. బెంచీ వేసినందుకు ఫిర్యాదులొస్తే అధికారికి అన్నిటికన్నా తేలికైన పని దాన్ని పీకేయడం. దానికన్నా కడ్డీ పెట్టిన బెంచీ నయం కదా అంటారు.

ఎదుటివాళ్ళు అడిగేది ఒకటే: బెంచీ మీద పడుకోకపోతే ఆ మనిషి ఎక్కడికి వెళ్ళాలి? మన దేశంలో పట్టణ జీవనోపాధి మిషన్ కింద లక్ష జనాభాకు వందమంది పట్టే ఆశ్రయం ఒకటి ఉండాలని నియమం పెట్టారు. అది నిజంగా ఉండి, అందులో చోటు ఉంటే బెంచీ మీద నిద్ర గురించి చర్చ ఒకలా ఉంటుంది, లేకపోతే ఇంకోలా. జపాన్‌లో ఈ ప్రశ్న 2020 నవంబరులో దారుణంగా ముందుకొచ్చింది. టోక్యో షిబుయా ప్రాంతంలో ఒక బస్ స్టాప్ బెంచీ మీద రాత్రుళ్ళు గడుపుతున్న ఇల్లు లేని ఒక మహిళ, ఒక మగవాడు చేసిన దాడిలో చనిపోయింది. ఆ బెంచీ ఇరుకైనది, మధ్యలో అడ్డు ఉన్నది. పడుకోలేని బెంచీ వల్ల ఆమె అక్కడికి రాకుండా ఆగలేదు, కూర్చునే రాత్రి గడిపింది.

మోకాళ్ళ నొప్పులున్న అమ్మ సంగతికి వద్దాం. బెంచీకి చేతులుంటే లేవడం సులువన్నది నిజం. కానీ ఆ చేతులు ఎక్కడ ఉన్నాయన్నదే అసలు విషయం. 180 సెంటీమీటర్ల బెంచీ తీసుకోండి. రెండు చివర్లా చేతులు పెడితే ఇద్దరు పెద్దవాళ్ళు పట్టుకుని లేవచ్చు, మధ్య భాగం తెరిచే ఉంటుంది. చివర్లు వదిలేసి మధ్యలో ఒకటే పెడితే 90 సెంటీమీటర్ల ముక్కలు రెండొస్తాయి. లేవడానికి ఒక పక్క మాత్రమే ఆధారం, పడుకోవడం కుదరదు. మధ్యలో రెండు పెడితే 60 సెంటీమీటర్ల సీట్లు మూడు. ఒళ్ళో సంచి పెట్టుకున్న సన్నటి మనిషికి సరిపోతుంది, లావుగా ఉన్న మనిషికి ఇబ్బందే. చక్రాల కుర్చీలోంచి బెంచీ మీదికి జరగాల్సినవాళ్ళకైతే చివర్లో చెయ్యి లేకపోతేనే మేలు. అంటే పెద్దవాళ్ళ కోసమే అయితే చేతులు చివర్లో మొదలవ్వాలి. చివర ఏమీ లేకుండా నడిమధ్యలో ఒక్క కడ్డీ కనిపిస్తే అది అమ్మ కోసం పెట్టింది కాదని ఇంచుమించు చెప్పేయొచ్చు.

మన దగ్గర ఇది ఇల్లు లేనివాళ్ళతో ఆగదు. మూడు గంటలు ఆలస్యంగా నడుస్తున్న రైలు కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్న తల్లి, పిల్లాడి తల ఒళ్ళో పెట్టుకుని కాళ్ళు పక్క సీటు మీదికి చాపిస్తుంది. విడివిడి స్టీలు సీట్లు వచ్చాక ఆ పిల్లాడు నేల మీద పరిచిన దుప్పటి మీదికి మారాడు. అక్కడే అమ్మమ్మ కూడా కూర్చుంటుంది, లేవడానికి ఏ కడ్డీ లేకుండా.

అసలు సీట్లే వెయ్యకపోవడం ఇంకో దారి. న్యూయార్క్‌లో 2021 జనవరి 1న తెరిచిన మోయినిహాన్ రైల్వే హాల్ చాలా అందంగా ఉందని అందరూ ఒప్పుకున్నారు. పెద్ద హాల్లో మాత్రం అందరికీ బెంచీలు లేవు, టికెట్ ఉన్నవాళ్ళకి విడిగా ఒక వెయిటింగ్ గది పెట్టారు. మిగతావాళ్ళు నిలబడ్డారు, లేదా నేల మీద కూర్చున్నారు. పడుకునేవాళ్ళని తప్పించడానికి కూర్చునేవాళ్ళందర్నీ లేపేశారని విమర్శ వచ్చింది.

మెట్ల మీద కూర్చుంటే ఫైన్

బెంచీ దొరకనప్పుడు ప్రయాణికుడు మెట్లు వెతుక్కుంటాడు. 2019లో రోమ్ నగరం కొత్త నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ప్రఖ్యాత స్పానిష్ మెట్ల మీద కూర్చుంటే 250 యూరోలు, పాడు చేస్తే 400 యూరోల దాకా జరిమానా. రోమ్ వాదన ఏమిటంటే ఆ మెట్లు దాదాపు మూడు వందల ఏళ్ళ నాటి కట్టడం, ఎంతో ఖర్చు పెట్టి బాగు చేయించారు, వాటి మీద ఐస్‌క్రీమ్ కార్చుకుంటూ వందలమంది కూర్చుంటే ఎలా? అక్కడుండేవాళ్ళలో చాలామంది సరే అన్నారు. మెట్ల మీద కూర్చోకపోతే వాటిని కట్టిందెందుకని అడిగినవాళ్ళూ ఉన్నారు.

ఫ్లోరెన్స్‌లో 2017 వేసవిలో జరిగింది ఇంకా చిత్రం. టూరిస్టులు కూర్చుని తినకుండా, మధ్యాహ్నం భోజనాల వేళ చర్చి మెట్ల మీద నీళ్ళు కొట్టించారు. గోడగోడకీ అరుగు కట్టుకున్న ఊరే ఇది. పదిమంది కూర్చోవడం గౌరవంగా ఉన్నది, పదివేలమంది వచ్చేసరికి బెడదయింది. రాజమండ్రి గోదావరి రేవు మెట్ల మీద సాయంత్రం కూర్చునేవాళ్ళకి ఈ నిబంధన ఊహకి కూడా అందదు. పుష్కరాల రోజుల్లో మాత్రం అవే మెట్ల మీద ఆగకుండా కదిలిపొమ్మంటూ మైకుల్లో చెబుతూనే ఉంటారు. జనం ఎక్కువైతే కూర్చోవడమే అడ్డమవుతుంది, అది ఏ దేశమైనా అంతే.

పలక మీద పేరు ఎవరిది

న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో పది వేలకు పైగా బెంచీలున్నాయి. 1986 నుంచి విరాళం ఇచ్చినవాళ్ళు ఒక బెంచీకి చిన్న పలక వేయించుకోవచ్చు. ధర ఇప్పుడు పది వేల డాలర్ల స్థాయిలో ఉంది. పోయినవాళ్ళ పేర్లు, పెళ్ళి ప్రస్తావనలు, పెంపుడు కుక్కల పేర్లు కూడా ఉంటాయి. ఆ పలకలు చదువుకుంటూ నడవడమే ఒక కాలక్షేపం.

మన సిమెంటు బెంచీల వెన్ను మీద కూడా ఇదే సాహిత్యం. ఫలానా వారి జ్ఞాపకార్థం కుమారులు, కోడళ్ళు, మనవలు. పక్కనే లయన్స్ క్లబ్బు, లేదా ఊళ్ళో బంగారు కొట్టు. కొత్త ఊళ్ళో బస్సు కోసం కూర్చుని ఆ పేర్లు చదివితే అక్కడి ఇంటిపేర్లు, ఏ వ్యాపారం జోరుగా ఉందో కొంత అర్థమైపోతుంది. చిక్కల్లా ఒకటే. దాత తన పేరు నలుగురూ చూసే చోట ఉండాలని కోరుకుంటాడు. అందువల్ల గుడి దారిలో, చెరువు గట్టు మీద బెంచీ పక్కన బెంచీ పడుతుంది. ఆస్పత్రి ఓపీ బయట, రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు, చూడ్డానికి ఏమీ లేక కూర్చోవడమే అవసరమైన చోట, జనం గోడకి ఆనుకుని నిలబడతారు.

ఎన్ని ఉండాలి, ఎవరు కదపాలి, నీడ ఎక్కడ

విలియం వైట్ అనే పరిశీలకుడు 1970లలో న్యూయార్క్ ఖాళీ స్థలాల్లో కెమెరాలు పెట్టి జనాన్ని గమనించాడు. కూర్చునే చోటు ఉన్న దగ్గరే జనం కూర్చుంటారని తేల్చాడు. ఇంత మాత్రానికి పరిశోధన ఎందుకనిపిస్తుంది. కానీ కోట్లు పోసి కట్టిన చాలా ప్లాజాల్లో, అంటే పెద్ద భవనాల ముందు జనం కోసం వదిలే ఖాళీ స్థలాల్లో, ఆ ఒక్కటే లేదు. ఆయన పని వల్ల 1975లో ఆ నగర నిబంధనలు మారాయి: ప్లాజాలో ప్రతి 30 చదరపు అడుగులకు ఒక అడుగు నిడివి సీటు ఉండాలి. మూడు వేల చదరపు అడుగుల స్థలమైతే వంద అడుగులు. మనిషికి రెండడుగులు వేసుకున్నా యాభైమందికి చోటు.

వైట్ ఎక్కువ ఇష్టపడింది కదిపే కుర్చీని. జనం కూర్చునే ముందు దాన్ని రెండంగుళాలు అటో ఇటో జరుపుతారు, అవసరం లేకపోయినా. ఎండ, నీడ, పక్కవాడి దూరం అన్నీ ఎవరికి వారే సర్దుకుంటారు. న్యూయార్క్ బ్రయంట్ పార్క్ 1992లో ఇలాంటి కుర్చీలతోనే మళ్ళీ తెరుచుకుంది. పారిస్ లక్సెంబర్గ్ తోటలో ఇవి ఎప్పటినుంచో ఉన్నాయి, 1974 వరకు వాటికి అద్దె వసూలు చేసేవారు. మన దగ్గర పెడితే తెల్లారేసరికి మాయమవుతాయన్నది అందరూ చెప్పే మాట. కాపలా ఖర్చు లేకుండా అక్కడా నడవవు, కాబట్టి తేడా మనుషుల్లో కన్నా జీతాల పద్దులో ఉందనుకుంటాను.

మన ఎండలకి మాత్రం ఈ అమరికలన్నిటికన్నా ముందు నీడ కావాలి. చెక్కకీ స్టీలుకీ ఒకే ఎండ తగిలినా, స్టీలు తన వేడిని ఒంట్లోకి చాలా వేగంగా పంపుతుంది, అందుకే చురుక్కుమంటుంది. గ్రానైట్ పగలంతా వేడి మింగి పొద్దుగూకాక కూడా వదులుతూనే ఉంటుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం మూడింటికి విజయవాడలో చెట్టు లేని చోట వేసిన స్టీలు బెంచీ మీద ఎవరూ కూర్చోరు. ఆ వేళ ఎవరైనా చూసి వాడకం లేదని రాసుకుంటే, రాత్రి ఏడున్నరకి అక్కడ చోటు దొరక్క పిట్టగోడ ఎక్కి కూర్చున్న జనం ఆ కాగితంలో ఉండరు. బెంచీని ఒక పూటలో బిగించొచ్చు, నీడనిచ్చే వేపచెట్టుకి ఏళ్ళు పడుతుంది. అందుకే కొత్త పార్కుల కన్నా పాత చిన్న స్టేషన్లలోనే మంచి కూర్చునే చోట్లు దొరుకుతాయి. అక్కడ చెట్టు ముందు పెరిగింది, దాని చుట్టూ గుండ్రటి గట్టు తర్వాత కట్టారు.